పొద్దు ఎటు గుంకుతుంది?

(జోనల్ కార్యాలయంలో సిబ్బంది ఛాయాచిత్ర ప్రదర్శన ప్రారంభం సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)



సముద్రతీరంలో సూర్యాస్తమయం ఫొటోలు ఎలా తీయాలి, తీశాక ఎలా ఎడిట్ చేయాలి అన్నదాని మీద మాట్లాడమన్నారు. ముందుగా ఒక ప్రశ్న అడుగుతాను. ఇక్కడున్నవాళ్లలో చాలామంది విశాఖలోనే పుట్టి పెరిగారు. మన బీచ్‌లో నిలబడి, సూర్యుడు సముద్రంలోకి దిగిపోవడం కళ్లారా చూసినవాళ్లు చేతులెత్తండి.

పది పన్నెండు చేతులు లేచాయి. దయచేసి దించేయండి. మన సముద్రం తూర్పున ఉంది. సూర్యుడు అక్కడ ఉదయిస్తాడు, సాయంత్రం మన వీపు వెనకాల, కొండల వెనక్కి దిగిపోతాడు. చూడనిదాన్ని చూశామనుకోవడానికి కారణం సినిమాలూ, క్యాలెండర్లూ, వాట్సాప్‌లో వచ్చే శుభసాయంత్రం బొమ్మలూను. చేతులెత్తినవాళ్లు నొచ్చుకోవద్దు. ఈ విషయంలో మీ అందరికంటే పెద్ద తప్పు చేసినవాణ్ణి నేనే. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

పడమటి తీరంలో పని సులువు. నేను మూడేళ్లు ఉడుపి దగ్గర పనిచేశాను. మల్పె బీచ్‌లో సాయంత్రం నిలబడితే ఎదురుగా అరేబియా సముద్రం, దాని మీదే సూర్యుడు. కాపు అనే ఊళ్లో బండరాయి మీద 1901లో కట్టిన దీపస్తంభం ఉంది. దాన్ని పక్కన పెట్టుకుని ఫొటో తీస్తే చెడగొట్టడమే కష్టం. ఆ మూడేళ్లలో కొన్ని వేల సూర్యాస్తమయాలు తీసి, నేనేదో పెద్ద ఫొటోగ్రాఫర్నని అనుకున్నాను. తర్వాత బదిలీ మీద మన తీరానికి వచ్చి, మొదటి ఆదివారమే భీమిలి వెళ్లి కెమెరా పెట్టుకు కూర్చున్నాను. సముద్రం మీద ఏమీ జరగలేదు. వెనక్కి తిరిగి చూస్తే కొండ మీద ఎర్రగా ఒక ముక్క. అదీ అయిపోయింది. ఆ నిరాశే నా చేత తప్పు చేయించింది.

తప్పు సంగతి తర్వాత. మన తీరంలో సాయంత్రం ఏముంటుందో ముందు చెప్తాను, ఎందుకంటే అది తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

మన తీరం తిన్నగా ఉత్తర దక్షిణాలుగా లేదు, ఈశాన్యం నుంచి నైరుతికి ఏటవాలుగా ఉంది. సూర్యుడు అస్తమించే చోటు కూడా ఏడాది పొడవునా మారుతుంది. జూన్‌లో పడమర నుంచి ఉత్తరానికి జరుగుతాడు, డిసెంబరులో దక్షిణానికి. రెండు కొసల మధ్య దాదాపు 50 డిగ్రీల తేడా. అంటే డిసెంబరు, జనవరుల్లో భీమిలి ఇసుకలో నిలబడి విశాఖ వైపు ఒడ్డు వెంబడి చూస్తే, సూర్యుడు ఆ ఒడ్డు గీతకు కొంచెం కుడిపక్కన, కొండల మీద ఉంటాడు. వైడ్ లెన్సులో, ఇప్పటి ఫోన్లలో ఉండే 0.5 లెన్సులో కూడా, ఒకే ఫ్రేములో ఎడమవైపు కెరటాలు, మధ్యలో తడి ఇసుక, కుడివైపు కొండా సూర్యుడూ అన్నీ పడతాయి. విరిగే కెరటం అంచు బంగారు రేకులా వెలుగుతుంది. జూన్‌లో అదే చోట నిలబడితే సూర్యుడు పూర్తిగా ఊరి వైపుంటాడు, మీకు దొరికేవి ఇళ్లూ, కరెంటు తీగలూ. కాబట్టి ఒక చోటు నచ్చితే ఏ నెలలో రావాలో కూడా రాసి పెట్టుకోండి. డిసెంబరు మొదట్లో విశాఖలో సూర్యాస్తమయం 5.20 ప్రాంతంలో, జూన్ చివర్లో 6.36 ప్రాంతంలో అవుతుంది. ఇది చదునైన భూమికి వేసిన లెక్క. మనకు పడమట కొండలున్నాయి గనుక సూర్యుడు యాప్ చెప్పిన టైముకంటే చాలా ముందే మాయమవుతాడు. క్యాష్ క్లోజింగ్ అయ్యాక బయలుదేరదామంటే కుదరదు. ఆదివారమే దిక్కు.

నీళ్ల మీదే సూర్యుడు కావాలనే పట్టుదల ఉంటే మన రాష్ట్రంలోనూ చోట్లున్నాయి. అంతర్వేదిలో అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడి పడమటికి తిరిగితే ఎదురుగా వశిష్ఠ గోదావరి ఉంటుంది. కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్ నుంచి వెనక్కి చూస్తే అఖాతం నీళ్లు, వాటికవతల రేవు. అక్కడ సూర్యుడు దిగేది నదిలోకో, అఖాతంలోకో. క్యాప్షన్‌లో ఆ మాటే రాయండి.

ఇక అసలైన సంగతి. సూర్యుడు కొండల వెనక్కి పోయాక అందరూ చెప్పులు దులుపుకుని, మొక్కజొన్న కంకి కొనుక్కుని ఇంటికి బయలుదేరతారు. అప్పుడు వెళ్లకండి. వెనక్కి, అంటే సముద్రం వైపు తిరగండి. ఆకాశం నిర్మలంగా ఉంటే అస్తమయమైన పది నిమిషాలకు తూర్పున నీటి అంచు మీద ముదురు నీలం బూడిద రంగు పట్టీ ఒకటి లేస్తుంది. దాని మీద గులాబి రంగు పట్టీ. కింద ఉన్న ఆ నీలం పట్టీ మేఘం కాదు, మంచు కాదు. అది భూమి నీడ. మనం నిలబడ్డ ఈ భూగోళం తన నీడను వాతావరణం మీద వేస్తోంటే మనం చూస్తున్నామన్నమాట. పైనున్న గులాబి పట్టీని ఇంగ్లీషువాళ్లు బెల్ట్ ఆఫ్ వీనస్ అంటారు. ఇది ఎక్కడైనా కనిపిస్తుంది గానీ, తూర్పున అడ్డం లేని క్షితిజం ఉంటేనే పూర్తిగా కనిపిస్తుంది. మల్పెలో సాయంత్రం పూట తూర్పున కొబ్బరిచెట్లూ ఇళ్లూ అడ్డం. మనకు బంగాళాఖాతం అంతా ఖాళీ. ముప్పై ఏళ్లు ఈ ఊళ్లో ఉండి దీన్ని ఒక్కసారీ గమనించనివాళ్లు ఈ హాల్లో ఉన్నారని నాకు తెలుసు. నిన్న మా డిప్యూటీ మేనేజరు గారే ఒప్పుకున్నారు.

ఎరుపు ఎందుకొస్తుందో ఒక్క మాట. గాలి అణువులు నీలం వెలుగును ఎక్కువగా, ఎరుపును తక్కువగా చెదరగొడతాయి. సూర్యుడు క్షితిజం దగ్గరున్నప్పుడు ఆ వెలుగు, నడినెత్తిన ఉన్నప్పటికంటే దాదాపు 38 రెట్లు ఎక్కువ గాలిలోంచి రావాలి. దారిలో నీలం అంతా చెదిరిపోయి ఎరుపు మిగులుతుంది. వాన వెలిసి గాలి కడిగినట్టున్న సాయంత్రాలు, పైన పల్చటి మబ్బు ఉన్న సాయంత్రాలు బాగుంటాయి. దట్టమైన దుమ్ములో సూర్యుడు అంచు చేరకముందే మసకబారిపోతాడు. ఇంకో తమాషా ఏమిటంటే, వాతావరణం వెలుగును వంచుతుంది గనుక, సూర్యబింబం అడుగు అంచు సముద్రాన్ని తాకినట్టు మనకు కనిపించే వేళకే అసలు సూర్యుడు దాదాపుగా కిందికి దిగిపోయి ఉంటాడు. అక్కడి నుంచి బింబం మునగడానికి రెండు నిమిషాల పైచిలుకు. పడమటి తీరానికి విహారానికి వెళ్లేవాళ్లకు ఈ లెక్క పనికొస్తుంది.

కెమెరా సెట్టింగులు చాలామంది రాసి పంపమన్నారు. ఫోనుతోనే మొదలుపెడతాను, ప్రదర్శనలోని ఫొటోల్లో సగం ఫోను ఫొటోలే. ఆకాశంలో వెలుగుగా ఉన్న చోట వేలు నొక్కి పట్టుకోండి, ఎక్స్‌పోజర్ లాక్ అవుతుంది. తర్వాత వేలిని కిందికి జరిపి కొంచెం చీకటి చేయండి. చీకటిలో ఉన్న వివరాన్ని తర్వాత కొంత లాగొచ్చు. తెల్లగా కాలిపోయినదాన్ని దేవుడు కూడా తేలేడు. కెమెరా ఉన్నవాళ్లు రా ఫైల్‌లో తీయండి. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే. 14 బిట్ల రా ఫైల్లో 16,384. సాయంత్రపు ఆకాశం లేత గులాబి నుంచి నీలానికి ఎంతో మెల్లగా మారుతుంది. మెట్లు తక్కువైతే ఎడిటింగ్‌లో ఆ మార్పు చారలు చారలుగా విడిపోతుంది. వైట్ బ్యాలెన్స్ ఆటోలో పెడితే కెమెరా ఆ ఎరుపును తప్పనుకుని సరిచేసేస్తుంది. డేలైట్‌లో పెట్టండి. స్టాండు కాళ్లను తడి ఇసుకలో గట్టిగా దించండి, లేకపోతే కెరటం వెనక్కి పోతున్నప్పుడు కాళ్ల కింది ఇసుక జారి ఫొటో కదులుతుంది. వెనక్కి జారే నురగ గీతలు కావాలంటే షట్టర్ పావు సెకను నుంచి ఒక సెకను. ఇంటికొచ్చాక స్టాండు కాళ్లు మంచినీళ్లతో కడగండి. నేను కడగక రెండు స్టాండులు తుప్పుకు సమర్పించుకున్నాను.

ఇంకో సంగతి నవ్వులాటకు చెప్పడం లేదు. పడమటి తీరంలో ఫొటోగ్రాఫర్ సముద్రాన్ని చూస్తూ నిలబడతాడు. మన తీరంలో సూర్యుణ్ణి తీసేవాడు సముద్రానికి వీపు పెట్టి నిలబడతాడు. కెరటం వెనకనుంచి వస్తుంది. మన బీచ్‌లలో లోపలికి లాగేసే ప్రవాహాలున్నాయని వేరే చెప్పక్కర్లేదు, ఏటా పేపర్లో చదువుతూనే ఉన్నాం. నీళ్ల అంచున కెమెరాలోకి తలదూర్చాలంటే, సముద్రాన్ని చూస్తూ ఉండే మనిషిని పక్కన పెట్టుకోండి. నాకు మా ఆవిడ ఆ పని చేస్తుంది. "కెరటం" అని ఆవిడ ఒక్క మాటంటే నేను స్టాండెత్తుకుని పరుగు.

ఇప్పుడు తప్పు సంగతి.

ఏడేళ్ల కిందట మన గృహపత్రిక ముఖచిత్రానికి పోటీ పెట్టారు. నేను భీమిలి ఒడ్డున, సాయంత్రం, ఇసుకలో లాగి పెట్టిన నావలను తీసిన ఫొటో ఒకటి ఉంది. నావల రంగులు మెరుస్తున్నాయి, వెనక సముద్రం. అన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆకాశం బోడిగా ఉందనిపించింది. మల్పెలో తీసిన సూర్యుడు నా దగ్గర ఉన్నాడు. రెండు రాత్రులు కూర్చుని ఆ ఆకాశాన్ని ఇక్కడ అతికించాను. అంచులు మెత్తగా కలిపాను, నీళ్ల మీద ఎర్రటి మెరుపు గీశాను. "భీమిలి తీరంలో సూర్యాస్తమయం" అని పేరు రాసి పంపాను. మొదటి బహుమతి వచ్చింది. ముఖచిత్రంగా అచ్చయింది. మా బ్రాంచి మేనేజరు గారు దాన్ని ఫ్రేము కట్టించి కౌంటర్ల వెనక గోడకు పెట్టించారు.

కొన్నాళ్లకు మత్స్యకార ఖాతాదారు ఒకాయన కిసాన్ క్రెడిట్ కార్డు పని మీద వచ్చాడు. వయసు అరవై దాటి ఉంటుంది. నేను కాగితాలు చూస్తుంటే ఆయన గోడకేసి చూస్తున్నాడు. కాసేపటికి, "ఇదే ఊరు బాబూ?" అన్నాడు.

"భీమిలే కదా, మీ నావలేగా" అన్నాను.

"నావలు మావే. పొద్దు మాది కాదు" అన్నాడు. "మా సముద్రంలో పొద్దు పుడతాది గానీ గుంకదు బాబూ. మరి పొద్దున తీసినారా అంటే, నీడలు సూడండి. పొద్దు సముద్రం కాడుంటే నీడ ఊరికేసి పడాల. ఇక్కడ నీడలు సముద్రానికేసే ఉన్నాయి."

లేచి వెళ్లి చూశాను. నిజమే. ప్రతి నావ నీడా సూర్యుడి వైపే పడి ఉంది. నావల ముందు భాగం మీద ఎండ మెరుస్తోంది, సూర్యుడేమో వాటి వెనకాల. ఎదురెండలో అవి నల్లటి ఆకారాల్లా ఉండాలి. రెండు రాత్రులు కూర్చున్న నాకు, బహుమతి ఇచ్చినవాళ్లకు, అచ్చేసినవాళ్లకు, పత్రిక చదివినవాళ్లకు ఎవరికీ పట్టనిది ఆయనకు రెండు నిమిషాల్లో కనిపించింది.

నవ్వేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేకపోయింది ఎందుకంటే, అంతకు ముందు వారమే ఆయన తెచ్చిన కాగితంలో ఒక తేదీ దిద్ది ఉందని నేను వెనక్కి పంపాను. దిద్దుబాటు పక్కన సంతకం లేదు, చెల్లదు అన్నాను. అందుకోసం ఆయన ఒక రోజు వేట మానుకుని మళ్లీ తిరిగాడు. ఆ సంతకం చేయించుకుని వచ్చిన కాగితమే అప్పుడు నా చేతిలో ఉంది. ఆయన ఆ మాట ఎత్తలేదు. ఆయన నాలుగు మాటలన్నా బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రాత్రే సంపాదకులకు ఉత్తరం రాశాను. బహుమతి చెక్కు, మెమెంటో వెనక్కి పంపాను. తర్వాతి సంచికలో ఓ మూల మూడు లైన్ల సవరణ వచ్చింది. చాలామంది చూడలేదు. చూసిన ఒకరిద్దరు, "ఇంత చిన్నదానికి ఎందుకండీ" అన్నారు. గోడ మీద ఫ్రేము నేనే దించాను. మేనేజరు గారికి కొంచెం కోపం వచ్చింది, కొత్త ఫ్రేము ఖర్చు నా చేత పెట్టించారు.

అయితే ఎడిటింగే తప్పా అని అడుగుతారు. కాదు. ఫొటోగ్రఫీ పుట్టిన కొత్తల్లోనే సముద్రమూ ఆకాశమూ గొడవపెట్టాయి. అప్పటి గాజు పలకలకు నీలం వెలుగు అతిగా అంటుకునేది. సముద్రం సరిగ్గా వస్తే ఆకాశం తెల్లగా కాలిపోయేది. ఫ్రాన్స్‌లో గుస్తావ్ లెగ్రే 1850లలో సముద్రానికి ఒక నెగటివ్, ఆకాశానికి ఇంకో నెగటివ్ తీసి, రెండూ కలిపి ఒకే ప్రింటు వేశాడు. 1857లో సెత్ ఊరి దగ్గర తీసిన పెద్ద కెరటం ఫొటో అలా వచ్చిందే. ఒకే ఆకాశాన్ని వేరువేరు సముద్రాలకు కూడా వాడుకున్నాడాయన. ఇవాళ మీ ఫోన్లో హెచ్‌డీఆర్ చేసేది దానికి చుట్టమే, కాకపోతే అదే చోట అదే క్షణంలో తీసినవాటినే కలుపుతుంది. ఆన్సెల్ ఆడమ్స్ నెగటివ్‌ను సంగీత స్వరలిపితో, ప్రింటును కచేరీతో పోల్చాడు. 1941లో తీసిన తన చంద్రోదయం ఫొటోలో ఆకాశాన్ని ప్రింటు ప్రింటుకూ మరింత నల్లగా చేస్తూ పోయాడు. మరోపక్క, 1982 ఫిబ్రవరిలో నేషనల్ జియోగ్రాఫిక్ ముఖచిత్రం నిలువుగా పట్టడానికి ఈజిప్టు పిరమిడ్లను కంప్యూటర్లో దగ్గరికి జరిపితే, ఆ చర్చ ఇప్పటికీ నడుస్తోంది. ఆకాశం మార్చడానికి నాకు రెండు రాత్రులు పట్టింది. 2020 నుంచి ఫొటోషాప్‌లో దానికి ఒక మెనూయే ఉంది. ఫోన్లలోనూ వచ్చేసింది. ఒక్క నొక్కు.

నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను. వెలుగును సర్దుతాను, వస్తువులను జరపను. లెన్సు మీది ఉప్పు చుక్కల మచ్చలు తుడుస్తాను, అవి భీమిలివి కావు, నా కెమెరావి. ఇసుకలో ప్లాస్టిక్ కవరుంటే ఫొటో తీయకముందే వెళ్లి చేత్తో తీస్తాను. కల్పనగా ఆకాశం మార్చిన ఫొటో వేసుకోవాలంటే వేసుకోండి, కింద ఊరి పేరు మాత్రం రాయకండి.

చేసే వరస చెప్తాను. మొదట క్షితిజ రేఖను తిన్నగా చేస్తాను, సముద్రం ఒక పక్కకు ఒలికిపోతున్న ఫొటో ఎంత అందంగా ఉన్నా కుదరదు. తర్వాత వైట్ బ్యాలెన్స్. ఆ తర్వాత హైలైట్స్ తగ్గించి, షాడోస్ కొంచెం పెంచి, అక్కడ ఆగుతాను. షాడోస్ మరీ పెంచితే సాయంత్రం కాస్తా మధ్యాహ్నమైపోతుంది. క్లారిటీ, డీహేజ్ ఎక్కువైతే కొండ అంచు చుట్టూ తెల్లటి గీత వస్తుంది, దాన్ని చూడగానే నాకు రంగు వేసిన జుట్టు గుర్తొస్తుంది, ఎవరినీ ఉద్దేశించి కాదు. శాచురేషన్ జోలికి పోకండి, వైబ్రెన్స్ చాలు. ఎరుపు దగ్గరే అందరం జారేది. ఎర్రమట్టి దిబ్బలను సాయంత్రపు వెలుగులో తీసి చూడండి, అవి ముందే ఎరుపు, పైన ఎర్రటి ఎండ. ఇంకో పది పాయింట్లు పెంచితే మట్టిలో వాన కోసిన గీతలన్నీ పోయి కుంకుమ ముద్దలా అవుతుంది. హిస్టోగ్రాంలో ఎరుపు గీత కుడి గోడకు కొట్టుకుంటుంటే వెనక్కి రండి. ఎడిట్ అయ్యాక ఆ రాత్రే ఎవరికీ పంపకండి. తెల్లారి చూస్తే మూడోవంతు వెనక్కి తగ్గించాలనిపిస్తుంది, నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

లైట్‌రూమ్‌లో గానీ, ఉచితంగా దొరికే డార్క్‌టేబుల్‌లో గానీ బ్యాంకు మనిషికి నచ్చే సంగతి ఒకటుంది. అసలు రా ఫైలు మీద ఒక్క గీత కూడా పడదు. మీరు చేసిన దిద్దుబాట్లన్నీ విడిగా నమోదవుతాయి, ఏది ఎంత చేశారో వరసగా కనిపిస్తుంది. వోచరు వోచరులాగే ఉంటుంది. ఈ ప్రదర్శనకు ఫొటోలిచ్చినవాళ్లందరినీ అసలు ఫైలు కూడా అడిగింది అందుకే. కొందరు చిన్నబుచ్చుకున్నారని విన్నాను. అడగమన్నది నేనే.

హాలు చివర, తలుపు పక్కన 41వ నంబరు ఫొటో నాది. పోటీలో లేదు. అదే భీమిలి ఒడ్డు, జనవరి సాయంత్రం. సూర్యుడు అందులో లేడు, కొండ దాటి పన్నెండు నిమిషాలైంది. నావలు ఉన్నాయి, వెనక తడి ఇసుక మీద గులాబి, నీటి అంచు మీద భూమి నీడ. ఎక్కడ నిలబడాలో నాకు చూపించింది ఆ ఖాతాదారే. "ఇక్కడ నిలబడితే నావ ముక్కు ఆ పట్టీకి తగలదు" అన్నాడు. ఒక ప్రింటు వేయించి ఆయనకిచ్చాను. చేతిలోకి తీసుకుని ముందు నావల కింద చూశాడు.

వచ్చే ఆదివారం భీమిలి వెళ్దామని కొందరు అంటున్నారు. దీపస్తంభం దగ్గర 4 గంటలకు కలుద్దాం. ఫోను నిండా చార్జింగు, తుడుచుకోవడానికి మెత్తటి గుడ్డ, తాగే నీళ్లు తెచ్చుకోండి. పిల్లల్ని తెచ్చేవాళ్లు పెద్దవాళ్లొకరిని అదనంగా తీసుకురండి, కెరటాలు చూడటానికి. లైట్లు ఆర్పించండి, కొన్ని ఫొటోలు తెర మీద చూద్దాం. ముందు మల్పెవి, తర్వాత మనవి.